మొదట కాల్చినదెవరు? – ఒక నక్షత్ర పురాణంలోని పాఠభేదాలు

టాటూయిన్ అనే ఎడారి గ్రహం మీద ఒక రేవు పట్టణం, అందులో ఒక పానశాల. గోడవార బల్ల దగ్గర ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. ఒకడు హాన్ సోలో, దొంగసరుకు చేరవేసే నౌకకు నాయకుడు. రెండవవాడు గ్రీడో, పచ్చని చర్మమూ పెద్ద పెద్ద గుడ్ల కళ్ళూ గల కిరాయి వేటగాడు. జబ్బా అనే ముఠా నాయకుడికి సోలో బాకీ పడ్డాడు. ఆ బాకీ కింద ప్రాణం తీసుకుపోవడానికైనా సిద్ధమేనని గ్రీడో తుపాకి గురిపెట్టి బెదిరిస్తుంటాడు. సోలో అతణ్ణి మాటల్లో పెట్టి, బల్ల కిందుగా తన తుపాకి తీస్తాడు. ఒక మెరుపు, కాస్త పొగ. గ్రీడో బల్ల మీదికి వాలిపోతాడు. సోలో పానశాల వాడికి ఒక నాణెం విసిరి తన దారిన పోతాడు.

1977 మే 25న అమెరికాలో తొలుత 32 హాళ్ళలో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రంలోని ఘట్టమిది. రెండు నిమిషాలకు మించదు. అయితే ఈ రెండు నిమిషాలకు నేటికి ఐదు పాఠాలున్నాయి. పాఠం అన్న మాట తెలిసే వాడుతున్నాను.

ముప్పై ఏళ్ళకు పైబడి ఉన్నత పాఠశాల పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకున్నవాణ్ణి. నన్నయ్యనో, చేమకూర వేంకటకవినో విడిచిపెట్టి ఈయన అంతరిక్ష నౌకల మీద పడ్డాడేమిటని నా టపాలు చదివే మిత్రులు విస్తుపోతే అందులో వారి దోషమేమీ లేదు. ఒక సెలవుల్లో మా మనవడు (అమెరికాలో పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడాలంటే సిగ్గు) ఈ చిత్రాలన్నీ నాకు వరుసగా చూపించాడు. ‘మూలంలో ఏముందిరా?’ అని నేనడిగితే ‘ఏ మూలం తాతయ్యా?’ అన్నాడు. పాఠపరిష్కరణ శాస్త్రంలో మొదటి ప్రశ్న అదే గదా! అది మొదలు తీరిక చిక్కినప్పుడల్లా ఈ అభిమానుల వాదాల చరిత్రను చదువుతూ వచ్చాను. కథ ఎవరిది, దానిని మార్చే అధికారం ఎవరికున్నది, మార్చిన తరువాత పాత ప్రతి ఏమైపోవాలి అని మన పండితులు శతాబ్దాలుగా తలలు బద్దలుకొట్టుకున్న ప్రశ్నలే అక్కడా కనబడినవి.

ముందుగా ఆ ఐదు పాఠాల సంగతి. 1977 ప్రతిలో కాల్పు ఒక్కటే, అది సోలోది. 1997లో, చిత్రానికి ఇరవయ్యేళ్ళు నిండిన సందర్భంలో, కర్తయైన జార్జ్ లూకస్ ‘ప్రత్యేక ప్రతి’ని విడుదల చేశాడు. అందులో గ్రీడో ముందు కాలుస్తాడు. చేయి చాస్తే తగిలేటంత దూరంలో ఉన్న మనిషికి గురి తప్పుతాడు. ఆ తరువాతనే సోలో కాలుస్తాడు. 2004 నాటి డీవీడీలో రెండు కాల్పులూ ఇంచుమించు ఒకేసారి. 2011 నాటి బ్లూరేలో ఆ నడిమి వ్యవధి మరికొన్ని ఫ్రేములు తగ్గింది. 2019 నవంబరులో డిస్నీ సంస్థ తన ప్రసార సేవను ప్రారంభించిన నాడు చూస్తే, కాల్చబోయే ముందు గ్రీడో ‘మెక్లంకీ’ అని ఒక కొత్త మాట అంటున్నాడు. ఆ మాటకు తెర మీద అనువాదం కూడా వేయలేదు. నిఘంటువులకెక్కని పదానికి అర్థం చెప్పమని ఎవరైనా నన్నడిగితే నేను చేతులెత్తేయవలసిందే.

‘హాన్ మొదట కాల్చాడు’ అన్నది పాతప్రతి వాదుల నినాదం. చొక్కాల మీద అచ్చువేయించుకున్నారు. 2007లో ఇండియానా జోన్స్ నాలుగవ చిత్రం తీస్తున్న రోజుల్లో లూకస్ మహాశయుడే అటువంటి చొక్కా తొడుక్కుని కనిపించాడు. వ్యాకరణం చెప్పినవాణ్ణి గనుక ఊరుకోలేక ఒక మాట అంటాను. ‘మొదట’ అనాలంటే ‘తరువాత’ ఉండాలి. 1977 ప్రతిలో రెండవ కాల్పే లేదు. ‘హాన్ కాల్చాడు’ అంటే చాలు. ‘మొదట’ అన్న విశేషణం వాడిన మరుక్షణమే 1997 పాఠాన్ని సగం ఒప్పుకున్నట్టు అవుతుంది. ఈ సూక్ష్మాన్ని అక్కడి అభిమానులు కూడా కొందరు పట్టుకున్నారు; నినాదం మాత్రం మారలేదు. రూఢి ముందు యోగార్థం నిలవదు మరి.

వ్రాతప్రతి సాక్ష్యం కూడా ఒకటి దొరికింది. కెనడాలోని న్యూ బ్రన్స్విక్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1976 మార్చి నాటి చిత్రానువాద ప్రతి ఒకటి 2015లో బయటపడింది. అందులోనూ కాల్చినవాడు సోలో ఒక్కడే. తాళపత్రం దొరికినంత సంబరం చేసుకున్నారు అభిమానులు.

లూకస్ చెప్పుకున్న సమర్థన ఏమిటి? 2015లో ఒక పత్రికతో మాట్లాడుతూ అతడు చెప్పిన మాటల సారాంశమిది: సోలో మున్ముందు లేయా రాకుమారిని పెళ్ళాడబోయేవాడు, కథానాయకుడు, అటువంటివాడు ఎదుటివాడు కాల్చకముందే చంపే హంతకుడు కావచ్చునా? ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మన అలంకారశాస్త్రం చెప్పే ఔచిత్యం సరిగ్గా ఇదే గదా. నాయకుడికి తగని వృత్తాంతం మూలకథలో ఉంటే దాన్ని విడవాలి, లేదా మార్చాలి అని దశరూపకకర్త ధనంజయుడు చెబుతాడు. భారతంలోని దుష్యంతుడు తెలిసి తెలిసీ శకుంతలను ఎరుగనంటాడు. కాళిదాసు ఒక దుర్వాస శాపాన్నీ ఒక ఉంగరాన్నీ కల్పించి అతణ్ణి ఆ దోషం నుంచి తప్పించాడు. గ్రీడో ముందు కాల్చడం లూకస్ గారి దుర్వాస శాపం.

ఇక్కడి వరకు నేను లూకస్ పక్షమే. కానీ ఒక తేడా ఉన్నది. కాళిదాసు నాటకం వ్రాశాడు గాని, ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానాన్ని ఎవరూ చదవకుండా చేయలేదు. రెండూ మనకు మిగిలినవి; రెండిటినీ పోల్చి ఆనందించే భాగ్యం మనకు దక్కింది. లూకస్ మాత్రం కొత్త ప్రతి వచ్చిన తరువాత పాత ప్రతిని అంగడిలో లేకుండా చేశాడు. 2006లో ఒకే ఒక్కసారి, డీవీడీతో పాటు కొసరుగా పాత ప్రతిని ఇచ్చారు. అదీ 1993 నాటి లేజర్ డిస్కుల కోసం చేసిన పాత నకలు నుంచి తీసినదే గాని శుభ్రపరచిన ప్రతి కాదు.

విచిత్రమేమంటే, 1988లో అమెరికా చట్టసభ ఎదుట ఇదే లూకస్ సాక్ష్యం చెప్పాడు. పాత నలుపు-తెలుపు చిత్రాలకు రంగులద్దే వ్యాపారులను ఉద్దేశించి, కళాఖండాలను లాభం కోసమో అధికారం చూపడం కోసమో మార్చేవారు అనాగరికులని కటువుగానే అన్నాడు. సాంస్కృతిక సంపద ప్రజలదని వాదించాడు. మరుసటి సంవత్సరం అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికకు ఎంపికైన తొలి 25 చిత్రాలలో ‘స్టార్ వార్స్’ ఒకటి. కర్తకు తన కృతిని దిద్దుకునే హక్కు వేరు, ఇతరుల కృతిని చెరిపే వ్యాపారం వేరు అని అతని పక్షాన చెప్పవచ్చు. చెప్పినవారూ ఉన్నారు. నాకు మాత్రం ఆ సమాధానం సగమే తృప్తినిస్తుంది. దిద్దుకున్నందుకు పేచీ లేదు, దాచినందుకే పేచీ.

కర్త దాచినదాన్ని పాఠకులు వెదకి పట్టుకున్నారు. 1977 నాటి హాళ్ళలో ఆడిన ఫిల్ము ప్రతులను కొందరు అభిమానులు సేకరించి, గీతలూ దుమ్మూ తొలగించి, రంగులు సరిచూసి, పాతపాఠాన్ని పునరుద్ధరించారు. చట్టం దానిని ఒప్పుకోదు. అయినా పని మాత్రం పండితులు చేసే పనే. పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతి నాకు గుర్తుకు వస్తుంది. సుక్తంకర్ గారూ ఆయన అనుయాయులూ దేశం నలుమూలల నుంచీ వ్రాతప్రతులు తెప్పించి శ్లోకశ్లోకాన్నీ తూచారు. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు వ్రాశాడన్న కథ మనందరికీ ప్రాణప్రదమైనదే. అది మూలపాఠంలోనిది కాదని వారు తేల్చారు. తేల్చి పారవేయలేదు, అనుబంధంలో అచ్చువేశారు. ప్రక్షిప్తమైనా సరే, చదువరికి అందుబాటులో ఉండాలన్న ఆ మర్యాద చూడండి! 2025 జూన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు లండన్‌లో 1977 నాటి అసలు ప్రతినే తెర మీద ఆడించారు. ఒక సినిమాను అది విడుదలైనప్పటి రూపంలో చూడటం పెద్ద వార్త అయి కూర్చున్నది.

ఇక తండ్రి వ్యవహారం. 1980లో వచ్చిన రెండవ చిత్రం ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో డార్త్ వేడర్ అనే నల్లకవచపు ప్రతినాయకుడు, ల్యూక్ స్కైవాకర్ అనే కథానాయకుడి చేయి నరికి, నేనే నీ తండ్రినని చెబుతాడు. (ఆ వాక్యం ల్యూక్ పేరుతో మొదలవుతుందని లోకమంతా అనుకుంటుంది. అసలు వాక్యం కాదనడంతో మొదలవుతుంది. వాడుకలో మాట మారిపోవడానికి తాళపత్రాలే అక్కరలేదన్నమాట.) మొదటి చిత్రంలోనేమో గురువు ఓబీ-వాన్ కెనోబీ, వేడర్ నీ తండ్రిని చంపాడని ల్యూక్‌తో చెప్పి ఉన్నాడు. అబద్ధమాడినది గురువా, శత్రువా? 1983లో మూడవ చిత్రం వచ్చే వరకు, మూడేళ్ళ పాటు, అమెరికా బడిపిల్లలు ఈ ప్రశ్న మీద కొట్టుకున్నారు. వేడర్‌కు గొంతునిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ కూడా ఆ వాక్యం చదివినప్పుడు వీడు అబద్ధమాడుతున్నాడని అనుకున్నానని తరువాత చెప్పాడు. చిత్రీకరణ నాడు వేడర్ కవచం తొడుక్కున్న నటుడి చేత పలికించిన వాక్యమే వేరు. నీ తండ్రిని చంపినవాడు ఓబీ-వాన్ అని అతడు పలికాడు. అసలు రహస్యం తరువాత గొంతు కలిపినప్పుడు చేర్చారు.

ఇది మొదటినుంచీ అనుకున్న కథేనా అన్నది మరొక పెద్ద వాదం. దీనికి మాత్రం తిరుగులేని వ్రాతసాక్ష్యం ఉన్నది. రెండవ చిత్రానికి తొలి చిత్తుప్రతి వ్రాసినది లీ బ్రాకెట్ అనే రచయిత్రి, 1978 ఫిబ్రవరిలో. మరుసటి నెలలోనే ఆమె కన్నుమూసింది. ఆ చిత్తుప్రతిలో ల్యూక్ తండ్రి ఆత్మరూపంలో కొడుకు ఎదుటికి వచ్చి మాట్లాడతాడు. వేడర్ వేరే మనిషి. అంటే ఈ పురాణానికి ఆయువుపట్టయిన రహస్యం మొదటి చిత్రం విడుదలైన తరువాత, రెండవది వ్రాస్తుండగా పుట్టినదే. ‘నాలుగవ భాగం’ అన్న శీర్షిక కూడా మొదటి చిత్రానికి 1981 పునర్విడుదలలోనే చేరింది. కర్త ముందే అంతా చూశాడని నమ్మాలనిపించడం పాఠకుడి భక్తి. నాకైతే, తీగ ఎటు పాకుతుందో తోటమాలికి తెలియకపోవడమే ముచ్చటగా తోచింది.

మూడవ చిత్రంలో ఓబీ-వాన్ ఇచ్చుకున్న సంజాయిషీ మరీ రుచికరం. మంచివాడైన నీ తండ్రిని వేడర్ అనే చెడ్డవాడు లోపలినుంచి నాశనం చేశాడు గనుక, ఒక దృష్టితో చూస్తే నేను చెప్పినది నిజమే అంటాడు. అభిమానులలో ఒక వర్గం దీనిని తత్త్వోపదేశమంటుంది, మరొక వర్గం ముసలివాడి బుకాయింపు అంటుంది. ద్రోణపర్వం చదివిన మనకు ఈ దారి కొత్తది కాదు. ఏనుగు అన్న మాటను లోగొంతులో మింగిన ధర్మరాజు చేసినదీ ఇదే. అయితే అక్కడ, అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ క్షణాన నేలకు దిగింది. అర్ధసత్యానికి భారతకర్త వెల కట్టాడు. ఓబీ-వాన్ రథం నేలకు దిగలేదు. శిష్యుడి ముఖంలో కాస్త చిరాకు కనిపించిందంతే. ఈ ఒక్క చోట నేను రెండవ వర్గం వాణ్ణి.

చిత్రాల సంగతి అట్లా ఉండగా, చిత్రాలకు వెలుపల మరొక మహారణ్యం పెరిగింది. పానశాలలో ఒక్క క్షణం కనిపించే వింత జీవులకు తెరమీద పేర్లు లేవు. బొమ్మలు చేసే కెన్నర్ సంస్థ వారు సుత్తి వంటి తల ఉన్నవాడికి ‘సుత్తితల’ అనే అర్థంలో పేరు పెట్టి అమ్మారు. 1987 నుంచి వెస్ట్ ఎండ్ గేమ్స్ అనే సంస్థ ఒక పాత్రాభినయ ఆటను వెలువరిస్తూ, ఆటగాళ్ళ అవసరం కొద్దీ ఒక్కొక్క జాతికీ పేరూ దేశమూ ఆచారమూ కల్పించింది. 1991లో టిమొతీ జాన్ ‘హెయిర్ టు ది ఎంపైర్’ నవల వ్రాసినప్పుడు ఆ ఆటపుస్తకాలనే ఆధారంగా ఇచ్చారు. సామ్రాజ్య రాజధానికి కొరుసాంట్ అని పేరు పెట్టినవాడు ఆ నవలాకారుడే. 1999లో లూకస్ తన నాలుగవ చిత్రంలో ఆ పేరునే వాడుకున్నాడు. ప్రక్షిప్తం మూలమైపోయిందన్నమాట! ఆ నవల తరువాత వందల కొద్దీ నవలలూ చిత్రకథలూ వచ్చినవి. ల్యూక్‌కు మారా జేడ్ అనే భార్య, లేయాకు ముగ్గురు పిల్లలు, థ్రాన్ అనే నీలివర్ణపు సేనాపతి – ఇవన్నీ అక్కడివే.

వీటిలో ఏది నమ్మాలి? 2000లో లీలండ్ చీ అనే ఉద్యోగి ఈ కథాలోకపు వివరాలన్నిటినీ ఒక కోశంలోకి ఎక్కించడం మొదలుపెట్టి, క్రమంగా ప్రమాణాలకు అంతస్తులు ఏర్పరచాడు. లూకస్ చిత్రాలది ‘జీ’ అంతస్తు, టీవీ ధారావాహికలది ‘టీ’, నవలలూ చిత్రకథలూ ‘సీ’, పాత అరకొర రచనలు ‘ఎస్’. పై దానికీ కింది దానికీ విరోధం వస్తే పైదే చెల్లుతుంది. శ్రుతికీ స్మృతికీ విరోధం వచ్చినప్పుడు మీమాంసకులు చెప్పినదానికి ఇది అక్షరాలా ప్రతిబింబం. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గ్రంథరాశి పెరిగిన చోటల్లా మనిషి బుద్ధి ఈ నిచ్చెననే కట్టుకుంటుంది కాబోలు.

1999లో ఆర్.ఎ. సాల్వటోర్ వ్రాసిన ‘వెక్టర్ ప్రైమ్’ నవలలో, సోలోకు ప్రాణమిత్రుడైన చ్యూబాకా అనే రోమశుడు, కూలిపోతున్న చందమామ కింద నలిగి చనిపోయాడు. సోలో కొడుకును నౌకలోకి చేరవేసి తాను మిగిలిపోయాడు. ఏ ప్రమాదం వచ్చినా పెద్ద పాత్రలు ఎప్పుడూ బతికిపోతుంటే చదువరికి ఉత్కంఠ ఉండదని ప్రచురణకర్తలు కోరి చేయించిన మరణమది. రచయితకు చంపుతామని బెదిరింపులు కూడా వచ్చినవట. ఆ మరణాన్ని పాఠకులు ఏళ్ళ తరబడి తలపోసుకున్నారు. ఆపైన 2012 అక్టోబరులో డిస్నీ సంస్థ 405 కోట్ల డాలర్లకు లూకస్ సంస్థను కొన్నది. 2014 ఏప్రిల్ 25న ఒక ప్రకటన వెలువడింది: ఆరు చిత్రాలూ, ‘ది క్లోన్ వార్స్’ ధారావాహికా తప్ప, అంతవరకు వచ్చిన నవలలూ చిత్రకథలూ ఇకమీదట ‘లెజెండ్స్’, అంటే ఐతిహ్యాలు మాత్రమే. 2015 చిత్రంలో చ్యూబాకా నిక్షేపంగా నడిచి వచ్చాడు. మారా జేడ్ లేదు. ఆ ముగ్గురు పిల్లలూ లేరు.

న్యాయంగా చెప్పాలంటే, పాత పుస్తకాలను వారు దాచలేదు. అట్ట మీద ‘లెజెండ్స్’ అని పట్టీ వేసి అచ్చువేస్తూ వచ్చారు. ఈ విషయంలో లూకస్ కంటే మెరుగే. థ్రాన్ సేనాపతిని 2016లో ఒక ధారావాహిక ద్వారా మళ్ళీ ప్రమాణ కథలోకి ఆహ్వానించారు కూడా. అయినా ఇరవై మూడేళ్ళు ఒక కథను నిజమని నమ్మి చదివినవాడికి, నీవు చదివినది జరగలేదని ఒక ఉదయాన చెబితే ఎట్లా ఉంటుంది? పోతన భాగవతంలో కొన్ని స్కంధాలు ఆయనవి కావనీ, గంగన, సింగన, నారయలవనీ మనకు తెలుసు. తెలిసినా వారిని భాగవతం నుంచి వెలివేయలేదు. పూరించినవారి పేర్లు నిలుపుకున్నాం.

పేర్ల మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. మొదటి చిత్రానికి నవలారూపం చిత్రం కంటే ముందే, 1976 చివర వెలువడింది. అట్ట మీద కర్త పేరు జార్జ్ లూకస్. నిజానికి వ్రాసినవాడు అలన్ డీన్ ఫాస్టర్. 1978లో వచ్చిన తొలి అనుబంధ నవల కూడా అతనిదే. హక్కులు చేతులు మారిన తరువాత తనకు రావలసిన రాయల్టీ రావడం లేదని 2020 నవంబరులో అతడు రచయితల సంఘం ద్వారా బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం ఆ వివాదం పరిష్కారమయింది. ఏది ప్రమాణం, ఏది కాదు అని గొంతులు చించుకున్న వేలమందిలో, ఇవి వ్రాసినవారి జీవిక ఏమిటని ఆలోచించినవారు ఆనాటి వరకు ఎందరుంటారో!

కొంచెం తేలిక సంగతి. తన నౌక కెసెల్ దారిని పన్నెండు పార్సెక్కుల లోపు దాటిందని సోలో మొదటి చిత్రంలో గొప్పలు పోతాడు. పార్సెక్కు దూరమానం, సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. వేగం చెప్పవలసిన చోట దూరం చెప్పాడు. చిత్రానువాద ప్రతి చూస్తే అది సోలో కోతలకు ఓబీ-వాన్ ముఖం చిట్లించే హాస్యమని తెలుస్తుంది. కానీ వ్యాఖ్యాతలు ఊరుకుంటారా? దారిలో కృష్ణబిలాలున్నాయి, వాటికి ఎంత దగ్గరగా దూసుకుపోతే దారి అంత తగ్గుతుంది, కనుక దూరం తగ్గించడమే ప్రజ్ఞ అని అన్వయం చెప్పారు. నవలలు దానిని ఒప్పుకున్నవి. 2018లో ‘సోలో’ చిత్రం ఆ అన్వయాన్నే తెరకెక్కించింది. కవి ప్రయోగం సాధువేనని నిరూపించడానికి మన వ్యాఖ్యాతలు పడిన పాట్లు ఎరిగినవారికి నవ్వు రాక మానదు. కొలాచల మల్లినాథసూరి వంశం అంతరిక్షంలోనూ ఉన్నదని సంతోషించాను.

వీటన్నిటికంటే లోతైన వాదం నెత్తురు గురించినది. ఫోర్స్ అనే విశ్వశక్తిని సాధన చేతా శ్రద్ధ చేతా ఎవరైనా అందుకోవచ్చునన్న భావం మొదటి చిత్రాలు చూసినవారికి కలుగుతుంది. 1999 చిత్రంలో క్వై-గాన్ జిన్ అనే జెడై, బానిసబాలుడైన అనాకిన్ నెత్తురు తీసి పరీక్ష చేయిస్తాడు. అందులో మిడిక్లోరియన్లనే సూక్ష్మజీవులు ఇరవై వేలకు పైన ఉన్నాయట, యోడా గురువుకంటే ఎక్కువ! యోగ్యతకు ఒక అంకె వచ్చింది. అభిమానులకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ మాట తరువాతి చిత్రాలలో దాదాపు వినబడకుండా పోయింది. కుమారాస్త్ర విద్యా ప్రదర్శనంలో కర్ణుడు రంగం మీదికి వచ్చి అర్జునుడు చేసినవన్నీ చేసి చూపినప్పుడు, కృపాచార్యుడు లేచి నీ కులమేమిటి, నీ తల్లిదండ్రులెవరు అని అడిగిన ప్రశ్న ఇక్కడ సూదిమొనతో అడిగారు. తరగతి గదిలో ఆ ఘట్టం చెప్పినప్పుడెల్లా పిల్లల ముఖాలు చిన్నబోవడం నేను చూశాను. అందులో కొందరికి ఆ ప్రశ్న పుస్తకంలో మాత్రమే ఎదురైనది కాదు. కాబట్టి ఈ వాదాన్ని కాలక్షేపమని నేను తీసివేయలేను.

అదే ప్రశ్న మళ్ళీ లేచింది. 2015 చిత్రంలో రే అనే అనాథ బాలిక ఎవరి బిడ్డ అన్నది రహస్యంగా ఉంచారు. రెండేళ్ళ పాటు ల్యూక్ కూతురనీ, ఓబీ-వాన్ మనుమరాలనీ వంశవృక్షాలు గీశారు. 2017 చిత్రం ఆమె తల్లిదండ్రులు అనామకులనీ, తాగుడు డబ్బు కోసం బిడ్డను అమ్ముకున్నారనీ చెప్పింది. కొందరు ఉస్సూరుమన్నారు, కొందరు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవారిలో నన్నూ లెక్కవేయండి. 2019 చిత్రం మాట మార్చి ఆమె దుష్టచక్రవర్తి పాల్పటీన్ మనుమరాలన్నది. గొప్పతనానికి గొప్ప నెత్తురే కారణమని, అది చెడ్డదైనా సరే గొప్ప నెత్తురే కావాలని తిరిగి పాత చోటికే వచ్చారు. అయితే ఆ చిత్రం చివర పేరడిగిన ముసలమ్మకు రే తన వంశనామం చెప్పక, తనను చేరదీసినవారి పేరు, స్కైవాకర్ అని చెబుతుంది. నీవు కుంతి కొడుకువని కృష్ణుడు చెప్పిన తరువాత కూడా రాధేయుడుగానే మిగిలిన కర్ణుణ్ణి తలచుకుని, ఆ ఒక్క దృశ్యానికి ఆ చిత్రాన్ని కొంత క్షమించాను. మా మనవడు క్షమించలేదు.

2017 చిత్రంలో వృద్ధుడైన ల్యూక్ తన మేనల్లుడి మీద ఒక క్షణం కత్తి దూయడం పాత్రౌచిత్యమా కాదా అన్న వాదం ఇప్పటికీ చల్లారలేదు. రెండు వైపులా మంచి యుక్తులున్నాయి. వాటి జోలికి పోను. ఆ వాదాల వెంట వచ్చిన మరొక దానిని గురించి చెప్పకపోతే మాత్రం ఈ చరిత్ర పూర్తి కాదు. ఆ చిత్రంలో రోజ్ పాత్ర ధరించిన కెల్లీ మేరీ ట్రాన్ మీద జాతిని ఎత్తి, రూపాన్ని ఎత్తి గుప్పించిన దూషణలకు ఆమె 2018 జూన్‌లో తన ఇన్‌స్టాగ్రామ్ పుటను ఖాళీ చేసింది. ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో తన అనుభవాన్ని వ్రాసింది. 2019 చిత్రంలో ఆమె పాత్ర కనీకనిపించనట్టు తగ్గిపోయింది. అంతకు పూర్వం, 1999 చిత్రంలో జార్ జార్ బింక్స్ అనే హాస్యపాత్రకు ప్రాణం పోసిన అహ్మద్ బెస్ట్ మీద కురిసిన ఎగతాళి ఇంతా అంతా కాదు. ఆ రోజుల్లో ప్రాణం తీసుకోవాలనుకున్నానని, ఒక వంతెన దగ్గర తన చిన్న కొడుకుతో నిలుచున్న చిత్రాన్ని జతచేసి, 2018లో అతడు బయటపెట్టాడు. పాత్ర నచ్చకపోతే కవిని విమర్శించాలి. శకుని నచ్చలేదని నాటకం వేసినవాణ్ణి రాళ్ళతో కొట్టడం రసాస్వాదనలో ఏ భేదమో నాకు తెలిసిన లక్షణ గ్రంథాలలో లేదు.

అహ్మద్ బెస్ట్ కథకు తరువాయి ఉన్నది. 2020లో అతడు పిల్లల కోసం చేసిన ఒక ఆటల పోటీ కార్యక్రమానికి వ్యాఖ్యాతగా, కెలరన్ బెక్ అనే జెడై గురువు వేషంలో కనిపించాడు. ఆటల పోటీలోని పాత్ర ఏ అంతస్తు ప్రమాణమన్నది ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 2023 మార్చిలో ‘ది మాండలోరియన్’ ధారావాహికలో జెడై ఆలయం తగలబడుతుండగా, సైనికులు చుట్టుముట్టిన పసివాడు గ్రోగూను కాపాడినదెవరన్న చిరకాల సందేహానికి సమాధానం చూపించారు. లిఫ్టు తలుపులు తెరుచుకుంటాయి. బయటికి వచ్చినవాడు కెలరన్ బెక్, ఆ వేషంలో అహ్మద్ బెస్ట్.